ముందుగా తీయవలసింది నీటిని కాదు

మదరసాలో ధర్మశాస్త్ర పాఠాలు మొదలుపెట్టిన పిల్లలకు మేము తొలుత చెప్పేది నీటిని గురించే. ఏ నీరు పరిశుద్ధమైనది, దేనితో వుజూ చెల్లుతుంది, పారే నీటికీ నిలిచిన నీటికీ భేదమేమిటి అన్న విషయాలు దాటనిదే నమాజు అధ్యాయంలో అడుగుపెట్టలేము. ఆ పాఠంలో బావి ప్రస్తావన వస్తుంది. బావిలో ఏదైనా జంతువు పడి చనిపోతే ఎన్ని బొక్కెనల నీరు తోడిపోయాలన్న లెక్కలను పిల్లలు ఉత్సాహంగా వల్లె వేస్తారు. ఆ లెక్కల కన్నా ముందున్న షరతును మాత్రం చాలామంది మరచిపోతారు. పడిన కళేబరాన్ని మొదట బయటికి తీయాలి. అది లోపల ఉండగా ఎన్ని బొక్కెనలు తోడినా అవి లెక్కలోకి రావు.

నిరుడు ఈ పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి లేచి, “హజ్రత్, హుస్సేన్ సాగర్ నీళ్ళతో వుజూ చేయవచ్చా?” అని అడిగాడు. తరగతిలో నవ్వులు వినిపించాయి. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు.

పెద్ద జలాశయంలో అశుద్ధం కలిసినంత మాత్రాన నీరంతా అపరిశుద్ధం కాదనీ, దానివల్ల రంగు, రుచి, వాసనలలో ఏదో ఒకటి మారినప్పుడే ఆ తీర్పు వర్తిస్తుందనీ ఫిఖ్‌హ్ పండితులు చెప్పారు. నీటిలో సహజంగా పుట్టే నాచు వల్ల రంగు మారితే దోషం లేదని కూడా వారే చెప్పారు. దాన్ని తప్పించడం మనిషి చేతిలో లేదు గనుక ఆ సౌలభ్యం ఇచ్చారు. మా విద్యార్థి ఈ రెండో మాటను పట్టుకున్నాడు. “ఆ పచ్చదనం నాచుదే కదా హజ్రత్! నాచుకు మినహాయింపు ఉంది కదా?” అన్నాడు.

“ఉంది. అయితే ఆ నాచుకు ఎవరు తిండి పెడుతున్నారో ముందు చూసివద్దాం” అన్నాము. ఆ శుక్రవారం తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు కాగానే పదిమంది పెద్ద పిల్లలను వెంటబెట్టుకుని ట్యాంక్‌బండ్ దారి పట్టాము.

ఒక వలీ పేరు మోస్తున్న చెరువు

హుస్సేన్ సాగర్‌ను 1562లో ఇబ్రాహీం కుతుబ్ షా పాలనలో కట్టారు. నిర్మాణ బాధ్యత వహించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరే దానికి స్థిరపడింది. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాదు నగరమే లేదు. నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఈ చెరువు తన ఒడ్డున వెలసిన నగరం కన్నా దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది. మూసీ నదికి ఉపనది అయిన ఒక వాగుకు అడ్డంగా గట్టు కట్టగా ఏర్పడిన ఈ చెరువు, తరతరాల పాటు తాగునీటికీ సాగునీటికీ ఆధారమైంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, వరదను అదుపు చేయడానికీ తాగునీటికీ ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తరువాత హుస్సేన్ సాగర్ నీటిని తాగవలసిన అవసరం తీరిపోయింది. తాగవలసిన అవసరం లేని నీటిని కాపాడుకోవాలన్న తలంపు కూడా జనంలో క్రమంగా సన్నగిల్లింది.

నేడు ఈ చెరువులోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలుస్తాయి. ఒకప్పుడు ఇవి వాననీటిని తెచ్చే వాగులు. నగరం పెరిగినకొద్దీ ఇళ్ళ మురుగు వీటిలోకి చేరింది. కూకట్‌పల్లి నాలా వెంట జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడల వ్యర్థాలు కూడా వచ్చాయి.

మేము ఒక నాలా ముఖద్వారం దగ్గర నిలబడ్డాము. పిల్లలు తలపాగా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఒడ్డు పొడవునా గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని ఉంది. కొద్ది దూరంలో ఒక యంత్రం దాన్ని నీటిలోంచి లాగి గట్టున కుప్ప పోస్తోంది. నల్లగొండ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఆ ఆకుల నిగనిగను చాలాసేపు చూసి, “మా నాయన యూరియా వేసినా మా చేను ఇంత పచ్చగా ఉండదు హజ్రత్” అన్నాడు. మేము చెప్పాలని తెచ్చుకున్న పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

కనిపించని ఎరువు

ఇళ్ళ మురుగునీరు దాని అసలు స్వభావంలో ఎరువే. మనిషి మూత్రంలో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి. మలంలో, వంటగది వ్యర్థాలలో, కొన్ని బట్టల సబ్బు పొడులలో కూడా భాస్వరం ఉంటుంది. రైతు డబ్బు పెట్టి కొని పొలంలో చల్లే పోషకాలు ఇవే. పొలంలో వరిని పెంచేవి చెరువులో నాచును, గుర్రపుడెక్కను పెంచుతాయి. దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపుడెక్క, పోషకాలు దండిగా దొరికిన చోట రెండు వారాల్లో రెట్టింపు కాగలదు.

ఈ రెండు పోషకాలలో భాస్వరం పాత్ర ఎంతటిదో కెనడాలోని ఒంటారియోలో 1973లో జరిగిన ప్రయోగం కళ్ళకు కట్టింది. శాస్త్రవేత్తలు అక్కడి ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విభజించారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో భాగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన భాగం నాచుతో పచ్చబడింది. తెరకు ఇవతల నీరు మామూలుగానే ఉండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ చిత్రం నేటికీ పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది.

నాచు పెరిగితే వచ్చే నష్టం రంగు మారడంతో ఆగదు. పగలు అది ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి తానే పీల్చుకుంటుంది. చచ్చిన నాచు అడుగుకు చేరి కుళ్ళేటప్పుడు మిగిలిన ప్రాణవాయువు కూడా ఖర్చవుతుంది. అందుకే నాచు ముదిరిన చెరువుల్లో తెల్లవారేవేళకు చేపలు నీటిపైకి నోళ్ళు తెరుచుకుని వస్తాయి, కొన్నిసార్లు గుంపులుగా చచ్చి తేలుతాయి. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేస్తాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరానికి నీరిచ్చే ఈరీ సరస్సులో ఈ విషం పెరిగింది. కొళాయి నీరు తాగవద్దని నాలుగు లక్షలకు పైగా జనాభాకు అధికారులు హెచ్చరిక ఇవ్వవలసి వచ్చింది. మరిగించినా ఆ విషం పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీటిని హైదరాబాదు ఇప్పటికీ తాగుతోంది గనుక ఇది మనకు దూరపు కథ కాదు.

ఇక్కడ మా విద్యార్థులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాము. రంగు, రుచి, వాసన అన్న మూడు గుర్తులు వుజూ చేయబోయే మనిషికి చాలు. ఆ తీర్పు ఉద్దేశించినది అంతే. నీటిలో కరిగిన నత్రజని, భాస్వర లవణాలు చెరువును పాడుచేయడానికి సరిపడే మోతాదులో ఉన్నా కంటికి కనబడవు, ముక్కుకు తెలియవు. తేటగా కనిపించే నీరు కూడా చెరువుకు నాచు విత్తనాలకు వేసే ఎరువులా పనిచేయగలదు. కాబట్టి చెరువును బాగుచేయాలనుకునేవాడు కంటికి కనిపించే పచ్చదనంతో ఆగిపోకూడదు. నాచును, గుర్రపుడెక్కను తీయడం బావినీరు తోడటం వంటిది. ఆ పని కూడా కావలసిందే. తీసిన గుర్రపుడెక్కతో కొంత పోషకం బయటికి పోతుంది. దాన్ని గట్టునే కుళ్ళనిస్తే అదీ తిరిగి నీటిలోకే చేరుతుంది. నాలాలో వచ్చే మురుగు మాత్రం బావిలో మిగిలిపోయిన కళేబరం.

రెండు సరస్సుల అనుభవం

మురుగును ఆపితే చెరువు నిజంగా కోలుకుంటుందా? అమెరికాలోని సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు దీనికి జవాబు చెప్పింది. 1950లలో దాని చుట్టూ ఉన్న ఊళ్ళ మురుగును శుద్ధి కేంద్రాలలో శుద్ధి చేసిన తరువాతే సరస్సులోకి వదిలేవారు. అయినా సరస్సు నాచుతో నిండసాగింది. ఆ శుద్ధి కుళ్ళే పదార్థాన్ని తగ్గించిందే గాని భాస్వరాన్ని తీయలేదు. డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ అనే విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఈ సంగతిని లెక్కలతో ప్రజల ముందు పెట్టారు. 1958లో ప్రజలు తొలిసారి ప్రతిపాదనను తిరస్కరించి, అదే ఏడాది మళ్ళీ ఓటు వేసి ఆమోదించారు. 1963, 1968 మధ్య ఆ మురుగునంతా సరస్సు నుంచి మళ్ళించారు. అంతకుముందు మీటరు లోతు కూడా చూపు ఆనని నీరు, కొన్నేళ్ళలోనే మూడు మీటర్ల లోతుదాకా కనిపించేంత తేటపడింది.

అన్ని చెరువులూ ఇంత త్వరగా కోలుకోవు. స్వీడన్‌లో వేక్షో అనే పట్టణంలో ట్రుమ్మెన్ అనే చిన్న సరస్సు ఉంది. లోతు తక్కువ. 1950ల చివరలో దానిలోకి వచ్చే మురుగును ఆపేశారు. పదేళ్ళు గడిచినా నాచు తగ్గలేదు. అంతకాలంగా అడుగున పేరుకున్న ఒండ్రు తనలో దాచుకున్న భాస్వరాన్ని ఏటా నీటిలోకి విడుస్తూనే ఉంది. చివరికి 1970, 1971 సంవత్సరాలలో ఏడాదికి అర మీటరు చొప్పున ఆ ఒండ్రును తోడేశారు. ఒండ్రుతో వచ్చిన నీటిని నేరుగా సరస్సులోకి వదలకుండా, అల్యూమినియం సల్ఫేటుతో, అంటే మన పటిక వంటి పదార్థంతో, భాస్వరాన్ని పేర్చి వదిలారు. అప్పుడు గాని సరస్సు తేరుకోలేదు.

మస్జిదు హౌజును కడిగే వారికి ఇది కొత్త విషయం కాదు. అడుగున పేరుకున్న బురద తీయకుండా కొత్త నీరు నింపితే నాలుగు రోజుల్లో మళ్ళీ పచ్చబడుతుంది. బావి విషయంలో మన ధర్మశాస్త్రం ఒక సౌలభ్యం ఇచ్చింది. నీరు తోడాక బావి గోడలను, అడుగు మట్టిని విడిగా శుద్ధి చేయనక్కర లేదు. అది ఆరాధన చేసేవారిపై ఉంచిన కనికరం. చెరువు అడుగు మట్టికి ఆ మినహాయింపును అన్వయించి చేతులు దులుపుకోవడానికి వీలు లేదు. అయితే వరుస మాత్రం అదే. మొదట వచ్చే మురుగు ఆగాలి, తరువాతే ఒండ్రు తీయాలి. వరుస తారుమారైతే తీసిన ఒండ్రు స్థానంలో కొత్త ఒండ్రు చేరుతుంది, పెట్టిన సొమ్ము నీటి పాలవుతుంది.

పక్కవాడి ముంగిట పోసిన నీరు

హుస్సేన్ సాగర్ కోసం ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. 2006లో జపాన్ రుణ సాయంతో చెరువును, దాని పరీవాహకాన్ని బాగుచేసే పథకం మొదలైంది. నాలా ముఖాల దగ్గర ఒండ్రు తీశారు. పొడిరోజుల్లో నాలాలలో వచ్చే మురుగును చెరువులో పడకముందే అడ్డగించి పైపులలోకి మళ్ళించే ఏర్పాట్లు చేశారు. మళ్ళించిన మురుగులో పెద్ద భాగం మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న, రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రానికి చేరుతుంది. వానలు పడి నాలాలు పొంగినప్పుడు మాత్రం ఈ అడ్డుకట్టలు చాలవు. వాననీటితో కలిసిన మురుగు చెరువులోకి దూకుతుంది.

పైపులో మళ్ళిన నీరు మాయమైపోదు. శుద్ధి అయినదీ కానిదీ చివరికి మూసీలోకే పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, నగరం దాటాక నల్లగొండ జిల్లా గుండా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం దిగువన ఈ నీటితోనే గడ్డి పెంచుతారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు తిరిగి నగరానికే వస్తాయి. ఈ నీటితోనే వరి పండిస్తారు. నీటిలోని పోషకాలు పైరుకు కొంత మేలు చేస్తాయి. కాని వాటితోపాటు వచ్చే రోగక్రిములు, పారిశ్రామిక లోహాలు ఆ పొలంలో మోకాటిలోతున నిలబడి పనిచేసే కూలీ వంతు అవుతాయి. మన వాకిలి ఊడ్చి చెత్తను పక్కింటి వాకిట్లో పోసినవాడిని మనం శుభ్రత ఉన్నవాడు అనము. చెరువును బాగుచేసి నదిని మరచిపోతే మనం చేసేది కూడా అంతే.

కాబట్టి శుద్ధి కేంద్రాలను గురించి పౌరులు అడగవలసిన ప్రశ్న మారాలి. ఎన్ని మిలియన్ లీటర్లు శుద్ధి చేస్తున్నారన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ నీటిలోంచి నత్రజని, భాస్వరం ఎంత తీస్తున్నారన్నది మిగతా సగం. నత్రజనిని సూక్ష్మజీవుల సాయంతో వాయువుగా మార్చి గాలిలోకి పంపవచ్చు. భాస్వరం ఆవిరి కాదు. దాన్ని మడ్డిలోకి దింపి బయటికి తీయవలసిందే. ఇందుకు విడిగా ఏర్పాట్లు లేని శుద్ధి కేంద్రం తేటనీటితో పాటు ఎరువును కూడా నదికి పంపుతుంది.

తేమ నేలలు కూడా ఈ పనిలో తోడ్పడతాయి. జమ్ము, రెల్లు వంటి మొక్కలున్న నిస్సారమైన మడుగుల గుండా నీరు నెమ్మదిగా సాగితే మట్టి, వేళ్ళు, సూక్ష్మజీవులు కలిసి పోషకాలను పట్టుకుంటాయి. హైదరాబాదు శివారులోని నెక్నాంపూర్ చెరువులో 2018లో మొక్కలు నాటిన తేలే తెప్పలను ప్రయోగించారు. కోల్‌కతా తూర్పున, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరిన దాదాపు 12,500 హెక్టార్ల తేమ నేలలు మరింత పెద్ద ఉదాహరణ. నగరపు మురుగు అక్కడి లోతులేని చెరువులలో ఎండకు, సూక్ష్మజీవులకు అప్పగించబడుతుంది. ఆ పోషకాలతో పెరిగిన జలజీవులను తిని చేపలు పెరుగుతాయి. మురుగులోని పోషకం తిరిగి ఆహారమయ్యే దారి అది. అయితే ఏ మడుగుకైనా మోసే బరువుకు హద్దు ఉంటుంది. మొక్కను కోసి బయటికి తీసినంత మేరకే భాస్వరం బయటికి పోతుంది. నాలా నిండా వచ్చే మురుగుకు పది తెప్పలు జవాబు కావు.

మా సొంత కాలువ

ట్యాంక్‌బండ్ నుంచి తిరిగివస్తుండగా ఆ నల్లగొండ పిల్లవాడే మరో ప్రశ్న వేశాడు. “మన మదరసా నీళ్ళు ఎటు పోతాయి హజ్రత్?”

మా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ళుగా ఆ ప్రాంగణంలో పాఠం చెబుతున్నాము. నీటి అధ్యాయాన్ని ప్రతి ఏటా బోధిస్తున్నాము. మా స్నానాల గదుల నీరు ఎక్కడికి చేరుతుందో ఏనాడూ అడగలేదు. మరునాడు వంటవాడి దగ్గర జర్దాలో వేసే రంగు తీసుకుని బక్కెట్టు నీటిలో కలిపి మరుగుదొడ్డి గొట్టంలో పోయించాము. ఇద్దరు పిల్లలు వీధి మలుపులోని నాలా దగ్గర కాపలా ఉన్నారు. పావుగంట లోపే కేకలు వినిపించాయి. నారింజ రంగు నీరు నేరుగా నాలాలోకి జారుతోంది. భవనం కట్టిన రోజుల్లో ఎవరో ఖర్చు తగ్గుతుందని మురుగు గొట్టాన్ని వాననీటి కాలువకు కలిపారు. రెండు వందల మంది పిల్లల మలమూత్రాలు ఇన్నేళ్ళుగా ఆ దారినే పోతున్నాయి.

నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. ఆ హదీసు మా పిల్లలకు కంఠస్థం. ఒక మనిషి చెరువు గట్టున చేస్తే పాపమైనది, రెండు వందల మంది గొట్టం ద్వారా చేస్తే ఏమవుతుందో ఆ సాయంత్రం ఎవరూ పైకి అనలేదు.

విషయాన్ని మా కమిటీ ముందు పెట్టాము. వుజూఖానాకు కొత్త పలకలు వేయడానికని కూడబెట్టిన సొమ్ము ఉంది. దాన్ని భూగర్భ మురుగు గొట్టానికి కలిపే పనికి వాడాలని కోరాము. ఒక పెద్దాయన, “మౌలానా సాబ్, వీధిలో అందరివీ అక్కడికే పోతున్నాయి. మన ఒక్కరిది మారిస్తే చెరువు బాగవుతుందా?” అన్నారు. బాగవదనే మేమూ ఒప్పుకున్నాము. మనది మార్చకుండా వీధివారిని గాని, అధికారులను గాని అడిగే నోరు మనకు ఉండదని మాత్రం చెప్పాము. నిర్ణయం రెండు సమావేశాలకు వాయిదా పడింది. మూడోసారి ఆ పెద్దాయనే లేచి, పలకలు వచ్చే ఏడాది వేసుకుందామన్నారు. ఇప్పుడు మరుగుదొడ్ల నీరు, వంటగది నీరు భూగర్భ గొట్టంలోకి పోతున్నాయి. వుజూ నీటిని విడిగా తీసి వేప, జామ చెట్ల పాదులకు మళ్ళించాము.

బక్రీదు నాటి అలవాటు కూడా మార్చుకున్నాము. ఖుర్బానీ రక్తాన్ని నీళ్ళు కొట్టి కాలువలోకి తోయడం మన వీధుల్లో మామూలైపోయింది. రక్తం నిండా నత్రజనే. నాలాలో అది కుళ్ళి ప్రాణవాయువును తినేస్తుంది, మిగిలినది నాచుకు ఆహారమవుతుంది. ఈసారి ప్రాంగణంలో గొయ్యి తీసి రక్తాన్ని అందులోకి పోనిచ్చి మట్టి కప్పాము. మట్టి నేల లేని ఇళ్ళవారికి రంపపు పొట్టు పరచి, రక్తం పీల్చుకున్నాక ఎత్తివేయమని చెప్పాము. పేగులు, ఇతర వ్యర్థాలను సంచులలో కట్టి మున్సిపల్ బండికి అప్పగించాము. ఎవరి ఖుర్బానీకీ లోటు రాలేదు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంటి స్నానాల గది నీరు ఎటు పోతుందో మీకు తెలుసా? మీ మస్జిదు వుజూఖానా నీరు? తెలియకపోతే ఒక గ్లాసు రంగు నీరు చాలు. అది నాలాలో తేలితే దాన్ని సరిచేయించండి. బట్టల సబ్బు పొడిని చెంచాతో కొలిచి వాడండి. ఆ తరువాత మీ వార్డు ప్రతినిధి దగ్గరికి వెళ్ళి, మన మురుగు చేరే శుద్ధి కేంద్రం భాస్వరాన్ని తీస్తోందా అని అడగండి. తన వంతు పని చేసి వచ్చిన వాడి ప్రశ్నకు బరువు ఉంటుంది.

ఈ ఏడాది మళ్ళీ నీటి అధ్యాయం మొదలైంది. నిరుడు ప్రశ్న అడిగిన విద్యార్థి ఇప్పుడు పై తరగతికి వెళ్ళాడు. కొత్త పిల్లలు బొక్కెనల లెక్కలు వల్లె వేస్తుంటే కిటికీ పక్కగా పోతూ ఆగి, “ముందు ఏం తీయాలి?” అని వాళ్ళను అడిగి వెళ్ళాడు.